ఆ 3.7 వోల్టులు ఎక్కడికి పోయాయి?

(సిబ్బంది, విశ్రాంత ఉద్యోగుల కుటుంబ సమ్మేళనంలో ఒక విశ్రాంత సీనియర్ మేనేజరు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "రిటైరయ్యాక కాలం ఎలా సద్వినియోగం చేసుకోవాలో పావుగంట మాట్లాడండి సార్" అన్నారు. ఆ విషయం మీద ఇంతకుముందు మూడు సమ్మేళనాల్లో ముగ్గురు మాట్లాడారు. ముగ్గురూ పొద్దున్నే నడవమన్నారు. నడుస్తూనే ఉన్నాను. కాబట్టి ఇవాళ ఒక పాత కారులో హీటరు ఫ్యాను గురించి చెబుతాను. నవ్వకండి. మన ఎండల్లో హీటరు ఎవడికి కావాలి అనుకుంటారని తెలుసు. ఈ కథ ఇంగ్లండులో జరిగింది. అందులో బ్యాంకు పని ఎంత ఉందో వింటే మీకే తెలుస్తుంది.

మా అమ్మాయి, అల్లుడు షెఫీల్డులో ఉంటారు. అల్లుడు గారు మత్తు డాక్టరు. 2022 డిసెంబరులో నేనూ మా ఆవిడా వెళ్లాం. ఇంటి ముందు ఆకుపచ్చ రంగు కారొకటి ఉంది. ఎం.జి.బి. జి.టి., 1971 మోడలు. బ్రిటన్‌లో 1962 నుంచి 1980 దాకా తయారైన బండి అది. ఆబింగ్డన్ అనే ఊళ్లో ఫ్యాక్టరీ ఉండేది. ముందు ఇద్దరు కూర్చోవచ్చు. వెనక సీటు పేరుకే సీటు, అక్కడ కూరగాయల సంచీ కూర్చుంటుంది. డాక్టరు గారికి ఆ బండంటే ప్రాణం. నైట్ డ్యూటీ చేసి వచ్చి కూడా పడుకోకుండా దాన్ని తుడుస్తుంటారట.

వెళ్లిన రోజే బానెట్ ఎత్తి చూపించారు. చూడగానే నాకు పాత చుట్టాన్ని చూసినట్టయింది. మా రీజనల్ మేనేజరు గారి అంబాసిడర్ గుర్తుందా మీకు? దాని ఇంజనూ దీని ఇంజనూ ఒకే కుటుంబం. బి సిరీస్ అంటారు. మన అంబాసిడర్‌లో 1489 సి.సి., ఇందులో 1798 సి.సి. అంతే తేడా అనను గానీ, అన్నదమ్ములని చూడగానే తెలిసిపోతుంది. "మామయ్యా, మీకు ఇంజన్లు తెలుసా?" అన్నారు అల్లుడు గారు ఆశ్చర్యంగా. "కొంచెం" అన్నాను. ఆ కొంచెం సంగతి తర్వాత చెబుతాను.

రెండో రోజు రాత్రి వంటింట్లో మా అమ్మాయి అసలు విషయం చెప్పింది. ఆ కారు అమ్మేస్తున్నారట. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఒకాయన చూడ్డానికి వస్తున్నాడు.

నవంబరులో ఒక సాయంత్రం అల్లుడు గారు మా మనవరాలిని సంగీతం క్లాసు నుంచి తీసుకొస్తున్నారు. పిల్లకు పన్నెండేళ్లు. వాన, చీకటి, చలి. ఇద్దరి ఊపిరీ, తడిసిన కోట్లూ కలిసి ముందు అద్దానికి లోపలి నుంచి ఆవిరి పట్టేసింది. అద్దం మీదికి వేడి గాలి ఊదాల్సిన హీటరు ఫ్యాను మూలుగుతూ తిరుగుతోంది, గాలి మాత్రం రావడం లేదు. ఒక చేత్తో గుడ్డ పెట్టి తుడుచుకుంటూ రౌండబౌట్‌లోకి వచ్చారు. నల్ల కోటు వేసుకున్న సైకిలు కుర్రాడు కనబడేసరికి రెండు గజాల దూరంలో ఉన్నాడు. బ్రేకు పడింది, దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రి పిల్ల నిద్రపోలేదు.

"నాన్నా, ఆయనకు అది బొమ్మ. నాకు అందులో కూర్చునేది నా కూతురు" అంది మా అమ్మాయి. దానికి నేనేం జవాబు చెప్పను? తప్పు లేదు ఆ మాటలో.

అక్కడ ఇంకో సంగతి ఉంది. బ్రిటన్‌లో మామూలు కార్లకు ఏటా తనిఖీ ఉంటుంది, ఎం.ఓ.టి. అంటారు. పెద్ద మార్పులేవీ చేయని బండి నలభై ఏళ్లు దాటితే, 2018 నుంచి దానికి ఆ తనిఖీ తప్పనిసరి కాదు. అంటే ఇంత పాత బండి రోడ్డు మీదికి రావడానికి పనికొస్తుందా లేదా అన్నది యజమాని మనస్సాక్షికే వదిలేశారు. అద్దాల మీది మంచు, ఆవిరి పోయాకే బండి కదల్చాలని వాళ్ల రోడ్డు నియమాల పుస్తకం చెబుతుంది. కాబట్టి ఆ బండిలో హీటరు ఫ్యాను విలాసం కాదు, బ్రేకు లాంటిదే. ఎం.జి.బి. కొత్తగా వచ్చిన రోజుల్లో హీటరును అదనంగా డబ్బు కట్టి పెట్టించుకోవాల్సి వచ్చేదంటే ఇప్పుడు నమ్మబుద్ధి కాదు.

అల్లుడు గారు ఊరుకోలేదు లెండి. ఒక గ్యారేజీకి తీసుకెళ్లారు. అక్కడి మెకానిక్ మోటారు దగ్గర తీగ ఊడదీసి, మీటరు పెట్టి చూసి, "పన్నెండు వోల్టులు వస్తున్నాయి, మీ మోటారు పోయింది" అన్నాడు. మోటారు మార్చాలి, పనిలో పనిగా హీటరు పెట్టె మొత్తం దింపాలి, దాదాపు రెండు రోజుల కూలి అన్నాడు. ఎం.జి.బి. వాళ్లలో ఒక హాస్యం ఉంది: ఫ్యాక్టరీలో ముందు హీటరు పెట్టెను గాలిలో వేలాడదీసి, దాని చుట్టూ కారు కట్టారట! దాన్ని బయటకు తీయడం అంత చిరాకు పని. ఆ లెక్క విని అల్లుడు గారు నీరుగారిపోయారు. "అమ్మేద్దాంలే" అని మా అమ్మాయితో అన్నది ఆ రోజే.

ఇదంతా విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నన్ను పట్టుకున్నది ఒక్క మాట: తీగ ఊడదీసి మీటరు పెట్టాడు.

ఇక్కడ కాస్త ఆగి ఆ "కొంచెం" సంగతి చెప్పాలి. గుంటూరులో మా నాన్నగారికి వైండింగ్ షాపు ఉండేది. పొలాల పంపుసెట్ల మోటార్లు, లారీల సెల్ఫులు, డైనమోలు. వార్నిష్ వాసన, కాలిన రాగి తీగ వాసన పీల్చుకుంటూ పెరిగాను. పదో తరగతి నుంచి డిగ్రీ దాకా సెలవులన్నీ అక్కడే. 1981లో నాకు బ్యాంకు క్లర్కు ఉద్యోగం ఆర్డరు వచ్చినప్పుడు నాన్నగారు చేతులు కిరోసిన్‌తో తుడుచుకుని, సబ్బుతో కడుక్కుని, తువ్వాలుతో ఒత్తుకుని అప్పుడు కాగితం అందుకున్నారు. చదివి, "ఈ మసి ఇక నీకొద్దు" అన్నారు. నేనూ ఆ మాట అక్షరాలా పాటించాను. ఆ తర్వాత షాపుకి వెళ్లినా కుర్చీలో కూర్చుని కాఫీ తాగి వచ్చేవాణ్ణి. 1994లో షాపు మూసేశారు. ఆయన పట్టకారులు, స్క్రూడ్రైవర్లు ఎవరికి ఇచ్చారో కూడా నేను అడగలేదు.

అయితే నాన్నగారు చెప్పిన ఒక పాఠం పోలేదు. లోడు మీద కొలవాలిరా అనేవారు. అదేమిటో ఆడవాళ్లకూ, పిల్లలకూ కూడా అర్థమయ్యేలా చెబుతాను.

మీ మేడ మీద నీళ్ల ట్యాంకు ఉంది. కింద వంటింట్లో కుళాయి. మధ్యలో పైపు ఒకచోట తుప్పు పట్టి సన్నబడింది. కుళాయి కట్టేసి ఉన్నప్పుడు పైపు చివర ఒత్తిడి కొలిస్తే పూర్తిగా ఉంటుంది. ఎందుకంటే నీళ్లు కదలడం లేదు, తుప్పు అడ్డం పడడానికి ఏమీ లేదు. కుళాయి తిప్పండి, అప్పుడు చూడండి ధార ఎలా సన్నగా వస్తుందో. కరెంటు కూడా అంతే. తీగ ఊడదీస్తే అందులో కరెంటు పారదు. పారనప్పుడు దారిలో ఎంత తుప్పు ఉన్నా మీటరు పన్నెండు వోల్టులే చూపిస్తుంది. మోటారు తిరుగుతుండగా, దాని రెండు కొసల దగ్గర కొలిస్తేనే నిజం బయటపడుతుంది. మోటారు దగ్గర పూర్తి వోల్టులు ఉండి కూడా నెమ్మదిగా తిరిగితే జబ్బు మోటారులో ఉన్నట్టు. వోల్టులే తక్కువగా ఉంటే జబ్బు దారిలో ఉన్నట్టు. మొత్తం వైద్యమంతా ఈ ఒక్క పరీక్ష మీద ఆధారపడి ఉంది.

శనివారం పొద్దున్న అల్లుడు గారిని అడిగాను, "బాబూ, మీటరు ఉందా మీ దగ్గర?" అని. ఉంది, కొన్న పెట్టె సీలు కూడా విప్పలేదు. బయట రెండు డిగ్రీలు. మా ఆవిడ నాకు రెండు స్వెటర్లు, కోతిటోపీ తగిలించి, "ఏమండీ, పెద్దవాళ్లయ్యారు, పరాయి దేశం, జ్వరం తెచ్చుకోకండి" అంది. పరాయి దేశానికీ జ్వరానికీ సంబంధం ఏమిటో నేను అడగలేదు.

మొదట నేను అడిగిన ప్రశ్న: గాలి తక్కువా, వేడి తక్కువా? ఈ రెండూ వేరు వేరు జబ్బులు. గాలి బాగా వస్తూ చల్లగా ఉంటే, ఇంజను నుంచి వేడి నీళ్లు హీటరులోకి రావడం లేదన్నమాట. ఆ వాల్వు, నీళ్ల గొట్టాలు చూడాలి. ఆవిరిలో తియ్యటి వాసన, అద్దం మీద జిడ్డు పొర ఉంటే హీటరులోంచి కూలెంట్ కారుతున్నట్టు. మాకు అవేవీ లేవు. వచ్చిన కాస్త గాలీ వెచ్చగానే ఉంది. గాలే రావడం లేదు.

రెండోది, ఫ్యానుకి గాలి అందుతోందా? ఈ బండికి ముందు అద్దం కింద ఒక జాలీ ఉంటుంది, అక్కడి నుంచి బయటి గాలి లోపలికి వస్తుంది. అందులో ఏళ్ల తరబడి రాలిన ఆకులు కుళ్లి ముద్దయి ఉన్నాయి. చేతికి అందినంత తీశాం. అడుగున నీళ్లు పోయే గొట్టం కూడా పూడుకుపోయి ఉంటే తీగతో పొడిచాం. ఒక బకెట్టు చెత్త వచ్చింది. ఫ్యాను మాత్రం అలాగే మూలుగుతోంది.

అప్పుడు ఇంజను నడుపుతూ, ఫ్యాను వేసి, బ్యాటరీ కొసల దగ్గర కొలిచాం. 13.8 వోల్టులు. బాగుంది. మోటారు తిరుగుతుండగా దాని కొసల దగ్గర కొలిచాం. 10.1.

మిత్రులారా, ఆ క్షణంలో నేను షెఫీల్డులో లేను. 1985లో, తెనాలి బ్రాంచిలో, రాత్రి పదకొండింటికి, పెట్రోమాక్సు లైటు కింద ఉన్నాను. డే బుక్కులో 3 రూపాయల 70 పైసల తేడా! కంప్యూటర్లు రాకముందు పనిచేసిన వాళ్లందరికీ ఆ రాత్రులు తెలుసు. తేడా తొమ్మిదితో భాగింపబడితే అంకెలు తారుమారయ్యాయని వెతికేవాళ్లం, సగం చేసి చూస్తే డెబిట్ క్రెడిట్‌లో పడిందేమోనని వెతికేవాళ్లం. ఇంట్లో మీరంతా అన్నం మూతపెట్టుకుని ఎదురుచూసేవాళ్లు. ఆ 3 రూపాయల 70 పైసలు జేబులోంచి వేసి ఇంటికెళ్లిపోవచ్చు కదా అని కొత్త కుర్రాళ్లు అడిగేవాళ్లు. వేయకూడదు. తేడా ఎక్కడుందో పట్టుకోవాలి. ఆ 3.70 వెనక ఒక మూడు వేలు ఎక్కువా, ఇంకో 2,996 రూపాయల 30 పైసలు తక్కువా దాక్కుని ఉండొచ్చు.

మోటారు మార్చేయడం అంటే జేబులోంచి వేసి తేడా సర్దేయడమే.

"బాబూ, మనం ఒక్కో వోచరూ చూద్దాం" అన్నాను. అల్లుడు గారికి వోచరేమిటో అర్థం కాలేదు. మీటరు ఒక కొసని బ్యాటరీ ప్లస్ మీద, రెండో కొసని మోటారు ప్లస్ తీగ మీద పెట్టమన్నాను, ఫ్యాను తిరుగుతుండగానే. తీగ మంచిదైతే మీటరు దాదాపు సున్నా చూపాలి. ఎంత చూపిస్తే అంత దారిలో తినేసినట్టు. 2.6 చూపించింది. అలాగే మోటారు మైనస్ నుంచి బ్యాటరీ మైనస్‌కి. 1.1. రెండూ కూడితే 3.7. టాలీ! నేను పైకే అరిచాను. పక్కింటావిడ కిటికీలోంచి చూసింది.

ఆ తర్వాత పని సులువు. ప్లస్ దారిని ముక్కలు చేసి కొలిచాం. ఫ్యూజు పట్టుకునే ఇత్తడి క్లిప్పుల దగ్గర 1.1 పోతోంది. డాష్‌బోర్డు స్విచ్చిలో 0.9. మిగతా 0.6 దారిలోని అతుకుల్లో. ఆ కాలపు ఇంగ్లీషు బండ్లలో తీగలను బుల్లెట్ ఆకారంలో ఉండే చిన్న కొసలతో, రబ్బరు తొడుగుల్లో కలుపుతారు. యాభై ఏళ్ల తడికి లోపల ఆకుపచ్చ చిలుము పట్టింది. మన ఇన్వర్టరు బ్యాటరీ కొసల మీద పట్టేది చూశారు కదా, దాని చిన్న చెల్లెలు. మైనస్ వైపు 1.1 తిన్నది, నల్ల తీగను బాడీకి బిగించిన ఒక స్క్రూ. దాని కింద రంగు, తుప్పు.

బ్యాటరీ ఎర్తు తీగ ముందు విప్పించాను. ఇది మరిచిపోకూడదు, మీటింగు పెట్టి మరీ చెప్పాల్సిన మాట. 1967కి ముందు వచ్చిన ఎం.జి.బి.లలో ప్లస్ కొస బాడీకి ఉంటుంది, తర్వాత వచ్చిన వాటిలో మైనస్. పాత బండి మీద చెయ్యి వేసే ముందు ఏది ఎర్తో చూసుకోవాలి. ఆ తర్వాత ఉప్పుకాగితంతో ఫ్యూజు క్లిప్పులు మెరిసేదాకా రుద్దాం. బిగువు తగ్గిన క్లిప్పుని కాస్త లోపలికి వంచాం. కొత్త ఫ్యూజు వేశాం, అదే రేటింగుది. మన లారీ డ్రైవర్లు కొందరు ఫ్యూజు పోతే సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టేవాళ్లు. నాన్నగారు అలాంటి లారీ షాపుకి వస్తే ముందు తిట్టి, తర్వాత పని మొదలుపెట్టేవారు. అతుకులు ఒక్కొక్కటీ ఊడదీసి శుభ్రం చేశాం. స్విచ్చిలో శుభ్రం చేసే ద్రవం కొట్టి యాభైసార్లు వేసి తీశాం. ఎర్తు స్క్రూ కింద రేకు తళతళలాడేలా గీకి బిగించాం.

సాయంత్రం నాలుగింటికే అక్కడ చీకటి. ఫ్యాను వేశాం. మునుపటి కంటే బాగుంది, కానీ పూర్తిగా కాదు. మూలుగు పోలేదు. అల్లుడు గారు నా మొహం చూశారు. "దారి బాగుపడింది బాబూ, ఇంకా మోటారులో కూడా ఏదో ఉంది" అన్నాను. గ్యారేజీ ఆయన చెప్పినదాంట్లో సగం నిజం ఉందన్నమాట. ఆ సంగతి ఒప్పుకోవాలి.

ఈ రెండు జబ్బులూ ఒకదాన్నొకటి ఎలా పెంచుతాయో చెబుతాను, అప్పుల్లో పడ్డ ఖాతాదారులను చూసినవాళ్లకు వెంటనే తెలుస్తుంది. మోటారు ఇరుసు బిగుసుకుంటే అది తిరగడానికి ఎక్కువ కరెంటు లాగుతుంది. ఎక్కువ కరెంటు లాగితే తుప్పు పట్టిన అతుకుల దగ్గర ఇంకా ఎక్కువ వోల్టులు పోతాయి, అతుకులు వేడెక్కి ఇంకా పాడవుతాయి. మోటారుకి అందేది తగ్గిపోతుంది. వడ్డీ కట్టడానికి అప్పు చేసినట్టు.

ఆదివారం పొద్దున్న ఏడింటికి, ఇంకా తెల్లవారకుండానే, అల్లుడు గారు బానెట్ ఎత్తి నిలబడ్డారు. రాత్రి పుస్తకాలు చదివినట్టున్నారు. "మామయ్యా, పెట్టె దింపక్కర్లేదు, మోటారు ఒక్కటే ముందు నుంచి వస్తుంది, మూడు స్క్రూలు!" అన్నారు. నిజమే. మూడింట్లో ఒకటి చెయ్యి పట్టని చోట ఉంది, దానికే ముప్పావుగంట పట్టింది. ఏ తీగ ఏ వైపుదో ముందే గుర్తు పెట్టించాను. శాశ్వత అయస్కాంతాల మోటారైతే తీగలు మారితే వెనక్కి తిరుగుతుంది, తిరుగుతున్నట్టే ఉంటుంది, గాలి మాత్రం సరిగా రాదు.

మోటారు చేతిలోకి వచ్చాక ఇరుసుని వేళ్లతో తిప్పాను. మంచి మోటారైతే నాలుగైదు చుట్లు దానంతటదే తిరగాలి. ఇది అరచుట్టు తిరిగి, ఇసుకలో కాలు పెట్టినట్టు ఆగిపోయింది. "ఇదివరకు ఏమైనా కొట్టారా ఇందులో?" అన్నాను. అల్లుడు గారు కాస్త సిగ్గుపడుతూ చెప్పారు, తుప్పు వదిలించే స్ప్రే కొట్టారట. రెండు రోజులు బ్రహ్మాండంగా తిరిగి, ఆ తర్వాత ఇంకా పాడయిందట. అదే జరుగుతుంది. ఆ ఇరుసు తిరిగేది కంచు పొడిని అచ్చుపోసి చేసిన బుష్‌లో. అందులో కంటికి కనబడని రంధ్రాలు ఉంటాయి, ఆ రంధ్రాలు నూనె పీల్చుకుని ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా వదులుతాయి. పల్చటి స్ప్రే ఆ పాత నూనెను కడిగేస్తుంది, తాను ఆవిరైపోతుంది. ఆ తర్వాత ఇరుసూ కంచూ ఎండుగా రాసుకుంటాయి.

మూతను జాగ్రత్తగా విడదీశాం. ఆర్మేచరు బయటికి వచ్చింది. అంగుళం లావు కమ్యుటేటరు, నల్లగా మసి పట్టి ఉంది. దాన్ని అరచేతిలో పెట్టుకున్నాను. నలభై ఏళ్ల తర్వాత ఆ బరువు. కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. అల్లుడు గారు చలి అనుకుని లోపలికి వెళ్లి టీ తెచ్చారు.

మీ మిక్సీలో కూడా ఇదే ఉంటుందమ్మా. వెనక సందుల్లోంచి నిప్పురవ్వలు కనిపిస్తాయే, అవి కమ్యుటేటరు మీద కార్బన్ బ్రష్‌లు రాసుకునే చోట. రవ్వలు ఎక్కువైతే బ్రష్‌లు అరిగాయని గానీ, ఇరుక్కున్నాయని గానీ చూడాలి. మిక్సీ మొత్తం మార్చక్కర్లేదు. సీలింగు ఫ్యాను మాత్రం వేరే జాతి. దానికి బ్రష్‌లు ఉండవు, అది నెమ్మదిస్తే సాధారణంగా కండెన్సరు మారుస్తాం. ఈ కారు ఫ్యానుకి ఆ లెక్క పనికిరాదు.

మా మోటారులో రెండు బ్రష్‌లకూ పొడవు ఇంకా సరిపడా ఉంది. ఒకటి మాత్రం స్ప్రే తడికి కార్బన్ పొడి ముద్దకట్టి తన గూట్లోనే ఇరుక్కుపోయింది. స్ప్రింగు నొక్కుతున్నా కమ్యుటేటరుకి సరిగా ఆనడం లేదు. గూడు తుడిచి వదులు చేశాం. బ్రష్ అరిగిపోయి ఉంటే కూడా కంగారేమీ లేదు. నాన్నగారు లారీ డైనమో బ్రష్‌ను రాతి మీద అరగదీసి చిన్న మోటార్లకు సరిపెట్టేవారు.

కమ్యుటేటరుని సన్నటి ఉప్పుకాగితంతో, ఆర్మేచరు తిప్పుతూ, రాగి రంగు తేలేదాకా రుద్దాం. ఎమరీ కాగితం వాడకూడదు, దాని గరుకు పొడి రాగిలో దిగబడి బ్రష్‌లను కొరికేస్తుంది. ఇక రాగి పలకల మధ్య సన్నటి సందులు ఉంటాయి. వాటిలో కార్బన్ పొడి నిండితే పలక నుంచి పలకకి కరెంటు దొంగదారిన పోతుంది. వాటిని ఒక్కొక్కటే శుభ్రం చేయాలి. నా కళ్లకు ఆ సందులు ఆనడం లేదు. నా చెయ్యి కూడా కొంచెం వణుకుతుంది ఇప్పుడు. అల్లుడు గారు లేచి లోపలికి వెళ్లి, మూతికి మాస్కు కట్టుకుని, సన్నటి సూదితో వచ్చారు. "ఇది నా పనే మామయ్యా" అన్నారు. ఒక్కో సందూ, ఊపిరి బిగబట్టి, రాగికి గీటు పడకుండా. మా నాన్నగారి షాపులో ఇరవై ఏళ్లు పనిచేసిన మేస్త్రీ కూడా అంత నేర్పుగా చేయడు. ఆ మాటే చెప్పాను. ఆయన మొహం వెలిగింది. ఆసుపత్రిలో ఎన్ని ప్రశంసలు వస్తాయో గానీ, దీనికి అంత సంతోషించారు.

బుష్‌లకు నూనె పట్టించాలి. రెండు మూతలనూ బుష్‌లతో సహా మంచి మిషను నూనెలో ముంచి, ఆ గిన్నెను వేడి నీళ్లలో పెట్టాం. వెచ్చటి నూనె రంధ్రాల్లోకి పోతుంది, చల్లారేటప్పుడు ఇంకాస్త పీల్చుకుంటుంది. గిన్నె దొరక్క మా ఆవిడ పాలగిన్నె తీసుకున్నాను. ఆ సంగతి ఇప్పటికీ ఇంట్లో నెలకోసారి వస్తుంది.

రెండు గంటలు అలా ఉంచాం. తీసి తుడిచి బిగించాక ఇరుసుని వేళ్లతో తిప్పితే ఆరు చుట్లు తిరిగింది. మళ్లీ బండిలో పెట్టి, ఆ చెయ్యి పట్టని స్క్రూని తిట్టుకుంటూ బిగించి, బ్యాటరీ కలిపి, ఇంజను వేసి, స్విచ్చి నొక్కాం.

మూలుగు లేదు. సర్రుమని ఒకటే శబ్దం. డాష్‌బోర్డు మీది కాగితం ఎగిరి పడింది. మోటారు దగ్గర కొలిచాం. 13.3. దారిలో పోతున్నది అర వోల్టు. యాభై ఏళ్ల బండికి అంత సస్పెన్స్ ఖాతా ఉండనివ్వచ్చు. ఖర్చు చెప్పమంటారా? ఒక ఫ్యూజు, రెండు ఉప్పుకాగితాలు, కాస్త నూనె. అయిదు పౌండ్లు దాటలేదు.

అప్పటికి రెండున్నర. మా అమ్మాయి గుమ్మంలో నిలబడి చూస్తోంది. అల్లుడు గారు ఏమీ అనలేదు, తాళాలు ఆమె చేతికి ఇచ్చారు. అది నాకు నచ్చింది. వాదించకుండా తాళాలు ఇవ్వడం. "నువ్వే నడిపి చూడు" అన్నారు. బయట సన్నటి వాన. అమ్మాయి, పక్కన మనవరాలు, వెనక కూరగాయల సంచీ స్థానంలో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని నేను. బయలుదేరేసరికి ముగ్గురి ఊపిరికీ అద్దం తెల్లబడింది. అమ్మాయి బండి కదపకుండా ఫ్యాను వేసి కూర్చుంది. అద్దం అడుగున రెండు చోట్ల అరచేయంత తేటదనం మొదలై, పైకి పాకి, రెండూ కలిసిపోయి, రోడ్డు చివర ఉన్న పోస్టు డబ్బా ఎర్రగా కనిపించింది. అమ్మాయి చేతి గడియారం చూసుకుంటోంది. ఎంతసేపు పట్టిందో నాకు చెప్పలేదు. గేరు వేసింది.

ఆ రౌండబౌట్ దాకా వెళ్లాం, చుట్టి వచ్చాం. తిరిగొచ్చాక మూడింటికి రావాల్సిన ఆయనకు అమ్మాయే ఫోన్ చేసి, రావద్దని, క్షమించమని చెప్పింది. అల్లుడు గారితో మాత్రం, "వానాకాలం చీకట్లో పిల్లని ఇందులో తీసుకెళ్లాలంటే ముందు రోజు ఫ్యాను చూసి చెప్పాలి నాకు" అంది. ఆయన తలూపారు. ఇప్పటికీ శనివారం శనివారం మీటరు పెట్టి కొలిచి అంకె ఒక పుస్తకంలో రాస్తారు. మొన్న ఫోటో పంపారు, 13.2. తేదీ, సంతకం కూడా.

మా మనవరాలు మాత్రం నా మీద కోపంగా ఉంది. ఆవిరి పట్టిన అద్దం మీద వేలితో పిల్లుల బొమ్మలు గీయడం దానికి అలవాటు. "తాతయ్యా, ఇప్పుడు బొమ్మలు ఎక్కడ గియ్యాలి?" అంది. పక్క కిటికీ అద్దానికి ఇంకా ఆవిరి పడుతోంది, అక్కడ గీసుకోమన్నాను.

కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. భోజనాలు సిద్ధమట. మిక్సీ బ్రష్‌ల గురించి అడగాలనుకునేవాళ్లు పప్పు వడ్డించే చోట కలవండి.